పద్నాలుగు జతలు అమ్మితే నాలుగు వెనక్కి వచ్చాయి

గుచ్చే_చేయి
రెండేళ్లుగా ఇంట్లో పూసల కమ్మలు చేస్తున్నాను. పగలంతా ఆఫీసు పని, రాత్రి పిల్ల నిద్రపోయాక ఈ పని. మొన్న దసరాకు బెంగళూరులో మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో బల్ల పెట్టుకోనిచ్చారు. పద్నాలుగు జతలు అమ్ముడుపోయాయి. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ముగ్గురు వరుసగా వచ్చి చెవులు దురదగా ఉన్నాయని కమ్మలు తిరిగి ఇచ్చేశారు. నాలుగో ఆవిడ ఒక్క కమ్మ మాత్రమే తెచ్చారు. రెండోది లాల్‌బాగ్‌లో నడుస్తుండగా ఎక్కడో జారిపోయిందట, హుక్కు మాత్రం చెవికే వేలాడుతూ ఉందట.

డబ్బు అందరికీ తిరిగి ఇచ్చేశాను, అది బాధ కాదు. లిఫ్టులో నలుగురి ముందు ఒకావిడ "నీ పూసలకు ఏదో పాడు రంగు వేశారమ్మా" అన్నారు. అప్పటినుంచి సూది పట్టుకోబుద్ధి కావడం లేదు. మామూల్‌పేటలో కొన్న గాజు పూసలే అన్నీ. ఇంకా రెండు కిలోలున్నాయి. రంగు వల్ల దురద వస్తుందా? అన్నీ పారేయాలా?

చెన్నపట్నం_చినుకు
పూసలు పారేయకండి! కమ్మలో పూసలు చెవిని తాకనే తాకవు, కింద గాలిలో ఊగుతూ ఉంటాయి. రంధ్రంలో ఉండేది హుక్కు. ఆ హుక్కులు ఎక్కడ కొన్నారు? దుకాణంవాడు ఏమని చెప్పి ఇచ్చాడు?

గుచ్చే_చేయి
అవీ అక్కడే, వంద జతల ప్యాకెట్. సిల్వర్ అన్నాడు. కాదు కాదు, జర్మన్ సిల్వర్ అన్నాడు. వెండిలో జర్మనీ రకమేమో అనుకున్నాను.

చెన్నపట్నం_చినుకు
దొరికింది దొంగ.

ఇంటర్_కెమిస్ట్రీ
జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క గ్రాము కూడా ఉండదు తల్లీ. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమలోహం. రాగి సుమారు 60 శాతం, మిగతా 40లో నికెల్, జింకు చెరి సగం అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను, ఒక మార్కు ప్రశ్న. తెల్లగా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. చెమటలో ఉప్పు ఉంటుంది, అది నికెల్‌ను కొద్దికొద్దిగా కరిగించి చర్మంలోకి పంపుతుంది. పడనివాళ్లకు దురద, నీరు కారడం.

వంటింటి_పెద్దమ్మ
ఈ అలర్జీలన్నీ ఇప్పటివాళ్లకే. మాకు చెవులు కుట్టించాక వేప పుల్ల పెట్టేవారు. పసుపు రాసేవారు. ఏమీ కాలేదు.

దద్దుర్ల_రాణి
వేప పుల్లలో నికెల్ ఉండదు కదా పెద్దమ్మా! ఆ తరవాత మీకు పెట్టింది బంగారమే అయి ఉంటుంది. మీ కాలంలో ఎవరూ ఆన్‌లైన్‌లో నూట యాభైకి ఆరు జతలు తెప్పించుకోలేదు.

నా కథ చెప్తాను. పదో తరగతిలో జాతరలో కొన్న లోలాకులతో మొదలైంది. అప్పటినుంచి ఏది పెట్టినా అంతే. చెవులు మాత్రమే అనుకునేదాన్ని, తరవాత జీన్స్ గుండీ తగిలినచోట బొడ్డు కింద కూడా రూపాయి బిళ్లంత దద్దు. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళితే వీపు మీద వరుసగా పట్టీలు అంటించారు, గడికో పదార్థం పెట్టి. 48 గంటలు స్నానం లేదు, ఏప్రిల్‌లో! తీసి చూస్తే మిగతా గళ్లన్నీ మామూలుగా ఉన్నాయి, నికెల్ గడి ఒక్కటే ఎర్రగా పొంగింది. ఒకసారి పట్టుకుంటే ఇది జీవితాంతం పోదని చెప్పారు. పెట్టిన వెంటనే కూడా తెలియదు, ఒకటి రెండు రోజుల తరవాత బయటపడుతుంది. అందుకే మీ బల్ల దగ్గర పెట్టి చూసుకున్నప్పుడు అందరికీ బాగానే ఉంది.

వంటింటి_పెద్దమ్మ
జీన్స్ గుండీ సంగతి నాకు తెలియదమ్మా. మా కోడలు రెండేళ్లుగా చీర తప్ప ఏది కట్టినా నడుము గోక్కుంటుంది, నేను పని ఎగ్గొట్టడానికి అనుకున్నాను.

దద్దుర్ల_రాణి
ముందు కోడలికి క్షమాపణ చెప్పండి :)

మొనగాడు_మొగుడు
మా ఆవిడ కూడా చేస్తుంది. హుక్కుకు రంగులేని గోళ్ల రంగు పూసేస్తుంది, అంతే, దురద లేదు. రెండు నిమిషాల పని.

దద్దుర్ల_రాణి
అది ఎన్నాళ్లు ఉంటుంది? నేనూ పూశాను. నాలుగైదుసార్లు పెట్టి తీసేసరికి పెచ్చులు లేచింది. మళ్లీ పూయడం గుర్తుండదు. మన ఇంట్లో వాడుకోవడానికి సరే, డబ్బు తీసుకుని అమ్మేదానికి పూస్తే కొన్నావిడకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

మొనగాడు_మొగుడు
చీటీ మీద రాసి ఇవ్వొచ్చు. అయినా మీరు మరీ భయపెడుతున్నారు. పద్నాలుగు మందిలో ముగ్గురికే దురద వచ్చింది, కమ్మ పోగొట్టుకున్నావిడను వదిలేసినా పది మంది హాయిగా పెట్టుకుంటున్నారు.

చెన్నపట్నం_చినుకు
ఆ పది మంది బెంగళూరు చలిలో పెట్టుకుంటున్నారు. మా చెన్నైకి పంపి చూడండి. మే నెలలో ఇక్కడ మెడ నుంచి కారే చెమటకు దేవుడి గుడిలో ఇత్తడి గంట కూడా కరిగిపోతుంది. నేను సౌకార్‌పేటలో కొన్న పూత హుక్కులు మూడు వారాల్లో లోపలి రాగి రంగు చూపించాయి. ఆ ఎరుపు మొదట రంధ్రంలో ఉండే వంపు దగ్గరే బయటపడింది, చిత్రం!

ఇంటర్_కెమిస్ట్రీ
చిత్రమేమీ లేదు, చెమటా రాపిడీ రెండూ అక్కడే కదా. ఇంకో మాట: వెండి పూత, బంగారు పూత అని అమ్మేవాటిలో కూడా పై పూత గట్టిగా పట్టడానికి కింద నికెల్ పూత వేయడం మామూలే. పై మెరుపు చూసి నమ్మకండి.

యశవంతపుర_రైలు
అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోదా? అంటుకుంటే నకిలీ.

ఇంటర్_కెమిస్ట్రీ
తెలియదు. వెండికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు, జర్మన్ సిల్వర్‌కూ అంటుకోదు. అయస్కాంతం మూడింటినీ పాస్ చేస్తుంది. అసలు పరీక్ష డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే రసాయనంతో. ఇంటర్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు గుర్తుండాలి, నికెల్ లవణ ద్రావణానికి అమ్మోనియా చేర్చి అది పోస్తే గులాబీ ఎరుపు అవక్షేపం వస్తుంది. ఆ పాఠమే ఇక్కడ పనికొస్తుంది: దూదిపుల్లకు అమ్మోనియా, ఆ రసాయనం అద్ది లోహం మీద రుద్దితే, గులాబీ రంగు వస్తే నికెల్ ఊడి వస్తున్నట్టు. సీసాలో చిన్న కిట్‌లా అమ్ముతారు.

యశవంతపుర_రైలు
మాస్టారూ, ఆ ప్రాక్టికల్‌లో నాకు పదికి నాలుగు వేశారు ఎవరో. మీరు కాదు కదా?

ఇంటర్_కెమిస్ట్రీ
నాలుగు వేశారంటే నేను కాదు. నేనైతే రెండు వేసేవాడిని.

గుచ్చే_చేయి
సరే, హుక్కులదే తప్పని అర్థమైంది. ఇప్పుడు వేటికి మారాలి? వెండి అంటే భయంగా ఉంది, జత 180కి అమ్ముతున్నాను. మొదటి ప్రశ్నలో అడగలేదు గానీ, జారిపోయిన కమ్మ సంగతి కూడా చెప్పండి. దారం తెగలేదు, ముడి అలాగే ఉంది.

దద్దుర్ల_రాణి
టైటానియం, నియోబియం అనే లోహాలు అన్నిటికన్నా క్షేమం, కానీ మన బజారులో వెతకాలి. సర్జికల్ స్టీలు, 316ఎల్ అని రాసి ఉంటుంది, నాకు పడుతుంది. అందులోనూ నికెల్ ఉంటుంది నిజానికి, స్టీలు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి బయటికి రాదు. లెక్క అంతా ఎంత ఉంది అని కాదు, ఎంత వదులుతుంది అని. ఐరోపా సంఘం 1994లో తెచ్చిన నిబంధన కూడా ఆ వదిలేదాని మీదే. మరీ ఎక్కువ పడనివాళ్లకు స్టీలు కూడా పడకపోవచ్చు. 925 వెండి అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతాది మామూలుగా రాగి. అది నాకు ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

నల్లపూస
మీ కమ్మ ఎలా జారిందో చూడకుండానే చెప్తాను. పూసల దారాన్ని నేరుగా హుక్కు కింది చుట్టుకు కట్టి ఉంటారు.

గుచ్చే_చేయి
అవును! ఎలా తెలిసింది? ఇంతకీ మీరు కనిపించి ఎన్నాళ్లైంది.

యశవంతపుర_రైలు
పేరుకు తగ్గట్టే ఉంటారు. అందరికీ నల్లపూసైపోయారు.

నల్లపూస
హుక్కు కింది చుట్టు మూతి చూడండి, వెలుగుకు ఎత్తి పట్టుకుని. వెంట్రుకంత సందు ఉంటుంది. నైలాన్ దారం ఆ సందుకన్నా సన్నం. నడుస్తుంటే కమ్మ అటూ ఇటూ ఊగుతుంది, దారం పాకుతూ పాకుతూ ఒకనాడు సందు దగ్గరికి వస్తుంది, జారుతుంది. ముడి తప్పు లేదు. దారానికీ హుక్కుకూ మధ్య అతికించి మూసిన చిన్న రింగు ఒకటి ఉండాలి. దారం ఆ రింగుకు కట్టాలి, రింగును చుట్టులో వేయాలి.

చుట్టు తెరిచేటప్పుడు ఎప్పుడూ రెండు పక్కలకు లాగకండి. అలా లాగితే గుండ్రం పోతుంది, మళ్లీ మూసినా మూతులు కలవవు. రెండు సన్నమూతి ప్లయర్లు తీసుకోండి. ఒక మూతిని మీ వైపుకు, రెండోదాన్ని అవతలికి తిప్పండి, తలుపు తెరిచినట్టు. మూసేటప్పుడు అదే దారిలో వెనక్కి తెచ్చి, కొంచెం దాటించి, మళ్లీ వెనక్కి. మూతులు ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడితే మూసుకున్నట్టు. వేలిగోరు పైన ఆనించి లాగి చూడండి, గోరు పట్టకూడదు.

చెన్నపట్నం_చినుకు
ఆ టిక్కు కోసం నేను ఫ్యాన్ ఆపి వింటాను. మా ఆయన ఇంట్లో దొంగలు పడ్డారేమో అనుకున్నారు.

లెక్కాపత్రం
వెండి భయం గురించి ఒక చిన్న లెక్క. తయారు హుక్కులు కొంటే ఖరీదే. తీగ కొని మీరే వంచుకుంటే? చెవి హుక్కుకు 20 గేజ్ తీగ, అంటే 0.8 మిల్లీమీటర్లు. ఒక హుక్కుకు నాలుగున్నర సెంటీమీటర్లు చాలు. ఘనపరిమాణం కట్టి వెండి సాంద్రతతో గుణిస్తే హుక్కుకు పావు గ్రాము కూడా రాదు. జతకు అర గ్రాము లోపు! పది గ్రాముల తీగలో ఇరవై జతలు. ఈరోజు ధర చూసి మీరే గుణించుకోండి. 180 రూపాయలకు అమ్మే కమ్మకు ఇది కొంచెం బరువే గానీ, మునిగిపోయేంత కాదు.

మొనగాడు_మొగుడు
తీగ ఎక్కడ దొరుకుతుంది?

నల్లపూస
నగరత్‌పేటలో కంసాలి పనివాళ్లను అడగండి. 92.5 అని స్పష్టంగా అడగాలి. శుద్ధ వెండి తీగ ఇస్తే వద్దనండి, అది మరీ మెత్తన, చెవిలో పెట్టగానే వంగిపోతుంది. 92.5 కూడా వంచాక చిన్న సుత్తితో వంపు దగ్గర రెండు మూడు దెబ్బలు మెల్లగా వేస్తే గట్టిపడుతుంది. వంచడానికి లావుపాటి పెన్ను చాలు. కత్తిరించిన కొనను గోళ్లు రాసుకునే ఆకురాయితో గుండ్రంగా చేయండి. ఇది మరచిపోతే వెండి హుక్కు కూడా గీరుకుని పుండు చేస్తుంది, అప్పుడు నికెల్‌ను తిట్టి లాభం లేదు.

మొనగాడు_మొగుడు
ఆదివారం వెళ్తాను. ఇంట్లో పూసల కొనుగోలు శాఖ నాదే. మొదటిసారి "11 సైజు దొరక్కపోతే కొంచెం పెద్దది తీసుకురా" అని పంపింది. 15 అంకె పెద్దది కదా అని 15 తెచ్చాను. అంకె పెరిగితే పూస తగ్గుతుందని ఎవరు చెప్పారు? ఆవగింజకన్నా చిన్నవి, అరకిలో. రెండేళ్లైంది, ఇంకా సోఫా కింద నుంచి వస్తూనే ఉన్నాయి. మొన్న పప్పులో ఒకటి పంటికి తగిలింది.

వంటింటి_పెద్దమ్మ
పప్పు ఏరుకుని వండాలి నాయనా.

కోరమంగళ_కుచ్చులు
దురద సంగతి తేలింది గానీ, గుచ్చే_చేయి గారూ, మీ కమ్మల బరువెంత? నావి పెట్టుకున్నవాళ్లు చెవి తమ్మె సాగుతోందంటున్నారు. పైన త్రికోణం, కింద తొమ్మిది కుచ్చులు.

లెక్కాపత్రం
11 సైజు గుండ్రటి పూసలు గ్రాముకు సుమారు 110 తూగుతాయి. పై త్రికోణం తొమ్మిది పూసల వరుసతో మొదలై ఒక్కొక్కటి తగ్గుతూ రెండు పూసలకు వస్తే 44. కుచ్చుకు ఇరవై చొప్పున తొమ్మిది కుచ్చులకు 180. మొత్తం 224, అంటే రెండు గ్రాముల పైన కొంచెం. దీనికి తమ్మె సాగదు. కింద ఇంకేదైనా వేలాడదీస్తున్నారా?

కోరమంగళ_కుచ్చులు
ప్రతి కుచ్చు చివరా పెద్ద గాజు చుక్క :(

లెక్కాపత్రం
అదీ సంగతి. చుక్కలు తీసేయండి, లేదా మధ్య కుచ్చుకు ఒక్కటే ఉంచండి.

వంటింటి_పెద్దమ్మ
బరువు కమ్మలకు మాటీలు పెట్టుకునేవాళ్లం కదా! జుట్టులోకి గొలుసు పోతుంది, చెవి మీద బరువు పడదు. జూకాలకు అందుకే అవి. పూసలతోనే మాటీ చేసి అమ్మండి, జతకు జత.

కోరమంగళ_కుచ్చులు
పెద్దమ్మా, ఇది ఎవరికీ తట్టలేదు. చేస్తాను.

యశవంతపుర_రైలు
త్రికోణం ఎలా వస్తుంది? నా వరుసలు పాములా వంకర తిరుగుతున్నాయి.

చెన్నపట్నం_చినుకు
ఇటుకల గోడలాగా. కింది వరుసలో పక్కపక్క పూసల మధ్య పైన దారం చిన్న వంతెనలా కనిపిస్తుంది చూడండి. కొత్త పూస గుచ్చి, సూదిని ఆ వంతెన కిందుగా దూర్చి, మళ్లీ అదే పూసలోకి కింది నుంచి పైకి తేవాలి. పూస రెండు పూసల మధ్య సందు మీద కూర్చుంటుంది. తొమ్మిది పూసలకు వంతెనలు ఎనిమిదే, అందుకే వరుసకు ఒకటి తగ్గుతుంది. ప్రతి వరుస మొదట మాత్రం రెండు పూసలు కలిపి గుచ్చాలి, లేకపోతే అంచున దారం బయటికి కనిపిస్తుంది. వంకర వస్తోందంటే మీ పూసలు ఎగుడుదిగుడువి. లావువి, పలచనివి ఏరి పక్కన పెట్టండి.

లెక్కాపత్రం
గుచ్చే_చేయి గారూ, జతకు ఎన్ని గంటలు పడుతుంది?

గుచ్చే_చేయి
మూడు. సామాను నలభై రూపాయలు.

లెక్కాపత్రం
అంటే గంటకు నలభై ఏడు రూపాయలకు మీ కళ్లు అమ్ముకుంటున్నారు. వెండి హుక్కు పెట్టి ఇంకా 180కే అమ్మితే మిగిలేది కళ్లజోడు ఖర్చు.

కోరమంగళ_కుచ్చులు
ధర పెంచితే "కమర్షియల్ స్ట్రీట్‌లో యాభైకే ఉన్నాయి" అంటారు. నాకు రోజూ వినిపించే పాటే.

దద్దుర్ల_రాణి
అననివ్వండి. నికెల్ లేని హుక్కుకు నాలాంటివాళ్లం అడిగినంత ఇస్తాం. బల్ల మీద రెండు గిన్నెలు పెట్టండి, స్టీలు హుక్కులు ఒకదానిలో, వెండివి ఇంకోదానిలో. కమ్మ ఎంచుకున్నాక హుక్కు అడగండి, అక్కడికక్కడే బిగించి ఇవ్వండి. జర్మన్ సిల్వర్ ఉంచుకుంటే తాళం చెవుల గుత్తులకు వాడండి.

మొనగాడు_మొగుడు
సరే, గోళ్ల రంగు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంట్లో ఇది చదివారు.

ఏర్పేడు_అబ్బాయి
ఆలస్యంగా చూశాను. పూసలు పారేయాలా అన్న మాటకు మనసు చివుక్కుమంది. మాది ఏర్పేడు దగ్గర. పక్కనే పాపానాయుడుపేట. గాజు కరిగించి పొడవాటి గొట్టంలా లాగి, చల్లారాక ముక్కలు కోసి, రంధ్రం మూసుకోకుండా బూడిద కలిపి మళ్లీ కాల్చి అంచులు గుండ్రం చేసే పాత పద్ధతి అక్కడిది. చిన్నప్పుడు కొలిమి దగ్గర నిలబడి చూశాను, మొహం మాడిపోయేది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ తవ్వించినచోట దొరికిన పూసల్లోనూ ఇలా లాగి చేసినవి ఉన్నాయి. మన పూసలు అప్పట్లోనే ఓడలెక్కి తూర్పు దేశాలకు వెళ్లాయి. ఎవరి చెవీ దురద పెట్టినట్టు చరిత్రలో లేదు.

యశవంతపుర_రైలు
హుక్కులు అక్కడివాళ్లే పెట్టుకున్నారు మరి.

ఇంటర్_కెమిస్ట్రీ
రంగు గురించి ఒక్క మాట మిగిలింది. గాజులోనే కలిసిన రంగు పోదు. లోపల పూసిన గులాబీ, ఊదా రంగులు మాత్రం ఎండకు వెలుస్తాయి. గుప్పెడు పూసలు కిటికీలో నెల రోజులు ఉంచి, డబ్బాలో ఉంచినవాటితో పోల్చి చూడండి.

గుచ్చే_చేయి
పదిహేను రోజుల తరవాత వస్తున్నాను. నగరత్‌పేటలో పది గ్రాముల తీగ దొరికింది. మొదటి ఆరు హుక్కులు చేపలు పట్టే గాలాల్లా వచ్చాయి, ఏడోది నుంచి కుదిరింది. దురద వచ్చిన ముగ్గురికీ హుక్కులు మార్చి తీసుకెళ్లాను, డబ్బు అడగలేదు. ఇద్దరు వారమంతా పెట్టుకున్నారు, ఏమీ లేదు. మూడో ఆవిడకు పాత పుండు మానాలట, అప్పటిదాకా పెట్టనన్నారు, నిజమే.

పాడు రంగు అన్నది ఆ ఇద్దరిలో ఒకరే. నిన్న లిఫ్టులో అవే కమ్మలతో కనిపించారు. ఏమీ అనలేదు, తల కొంచెం ఎక్కువగా ఊపారు.

లాల్‌బాగ్‌లో పోగొట్టుకున్నావిడకు రెండో కమ్మ కొత్తగా అల్లాను. అదే రంగు పూసలు కొత్త ప్యాకెట్‌లో కాస్త ముదురుగా వచ్చాయి. తెలిసిపోతుందని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆవిడ రెండూ కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది కదూ కొత్తది, రంగు కుదరలేదు" అని పాతదాన్ని నా చేతిలో పెట్టారు.